రసూల్ పక్కన నలభై ఒకటి

పిడుగురాళ్ల,
మే 6.

ఉషకు జ్ఞానమ్మ పెద్దమ్మ దీవెనలు.

ఫోన్ చేయకుండా ఈ ముసలిది ఉత్తరం రాయడమేమిటి అనుకుంటున్నావు కదూ. పోయినసారి ఫోన్ చేసినప్పుడు నేను పావుగంట మాట్లాడాను. నువ్వు "ఊ, ఊ" అంటూ కంప్యూటర్ మీటలు టకటకలాడించి, చివర్లో "ఏంది పెద్దమ్మా, మళ్లీ చెప్పండి" అన్నావు. కాగితమైతే ఊకొట్టడానికి ఉండదు, చదవాల్సిందే. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి. మీ అమ్మానాన్నలు నరసరావుపేట మారాక ఈ వీధిలో నాతో పోట్లాడేవాళ్లు లేరు, ఆ లోటు కూడా తీరుతుంది.

ఇక అసలు సంగతి. నేను బట్టీల దగ్గర ట్రస్టు వాళ్ల ఆరోగ్య కేంద్రంలోనే ఇంకా నర్సుగా చేస్తున్నాను. మార్చిలో నాలుగు రోజులు సున్నం బట్టీల వాళ్లకీ, క్వారీల వాళ్లకీ ఊపిరి పరీక్షలు చేశాం. ఒక గొట్టంలోకి దమ్ము కొద్దీ ఊదాలి. మిషన్ ఒక అంకె చూపిస్తుంది. వందకు ఎనభై పైన వస్తే నిశ్చింత, యాభై లోపల వస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రెండొందల పన్నెండు మంది వచ్చారు. మనిషికొక కాగితం చొప్పున నాది తప్ప అన్నీ నా చేత్తోనే రాశాను, ఎవరికెంత వచ్చిందో ఇప్పుడు గుర్తు లేదు. పేరు, వయసు, ఎత్తు, చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, చివర్న ఊపిరి అంకె. ఆ కాగితాలు గుంటూరు ఆఫీసుకు పోయాయి. వాళ్లు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, జాబితా అచ్చు వేసి మొన్న పంపారు.

అందులో రసూల్ పేరు పక్కన నలభై ఒకటి ఉంది.

రసూల్ అంటే మన వెనక వీధి రసూల్, హజ్రా బీ మొగుడు. వెంకట్రామయ్య గారి బట్టీలో రాళ్ల గంప నెత్తిన పెట్టుకుని పైదాకా మెట్లెక్కుతాడు. నలభై ఆరేళ్లు. ఎక్కుతూ ఎక్కుతూ కింద ఉన్నవాళ్లతో పరాచికాలాడే మనిషి. అంకె చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. అతను కాగితం పట్టుకుని తిన్నగా యజమాని దగ్గరికి వెళ్లి తనే చూపించాడు. వెంకట్రామయ్య గారు చెడ్డవాడు కాదు, పిరికివాడు. "నా మెట్ల మీద నీకేమన్నా అయితే నేనెవరికి జవాబు చెప్పుకోవాల్రా, ఇంటికాడ ఉండు" అన్నాడట. ఇరవై రెండేళ్ల పని ఒక్క మాటతో పోయింది.

అంతకంటే ఘోరం, ఆ రోజు నుంచి రసూల్‌కి నిజంగానే ఆయాసం మొదలైంది. ఇంటి గడప దాటితే గోడ పట్టుకుంటున్నాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు. పొద్దున హజ్రా బీ నా మెట్ల మీద కూర్చుని, "అమ్మా, ఎన్నాళ్లుంటాడో మీరైనా చెప్పండి, పిల్లలకి ఏం చెప్పుకోవాల" అని అడిగింది. 

కాగితం అడుగున చిన్న అక్షరాల్లో మీ కంపెనీ పేరుంది. ఏమే, ఈ జాబితా తయారు చేసింది మీ సాఫ్ట్‌వేరేనా? అందులో తప్పు పడే వీలుందా? నా కాగితం మిషన్ తెచ్చిన కుర్రాడు రాశాడు, ఆ హడావుడిలో నేను చూసుకోలేదు కానీ, జాబితాలో నాకు మాత్రం తొంభై రెండు వచ్చింది. ఏభై ఎనిమిదేళ్ల దాన్ని, నా అంకె చూసి నేనే మురిసిపోయాను. అది చెప్పుకోవడానికి కూడా సిగ్గేస్తోంది ఇప్పుడు.

పెద్దమ్మ


హైదరాబాద్,
మే 12.

పెద్దమ్మకు ఉష నమస్కారాలు.

పెన్ను పట్టి ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. రెండు పెన్నులు రాయలేదు, మూడోది పక్క సీటు వాసంతిది.

రసూల్ మామ సంగతి చదివి బాధేసింది. మీరడిగిన దానికి జవాబు: అవును, మా సాఫ్ట్‌వేరే. కానీ అది చేసే పని చాలా చిన్నది. టేబుళ్లలో ఉన్న అంకెలు తీసుకుని సగటులు కడుతుంది, జాబితాలు అచ్చు వేస్తుంది. తనంతట తాను అంకెలు పుట్టించదు. నలభై ఒకటి లోపలికి వెళ్తే నలభై ఒకటే బయటికి వస్తుంది. ఆ భాగం రాసినవాళ్లు జాగ్రత్త గల మనుషులు, నాకు బాగా తెలుసు.

మనకు కావలసిన మనిషి కాబట్టి అంకె తప్పయితే బాగుండునని మీకు అనిపిస్తోంది. నాకూ అలాగే ఉంది. కానీ ఇరవై రెండేళ్లు ఆ దుమ్ములో పని చేసినవాడికి నలభై ఒకటి రావడంలో వింతేముంది? ఆయన్ని ఊరుకోబెట్టకుండా గుంటూరులో ఛాతీ డాక్టరుకు చూపించండి. లేదా మీ మిషన్‌తోనే ఇంకోసారి ఊదించండి.

మీ తొంభై రెండుకి నా అభినందనలు. వచ్చినప్పుడు మీతో పరుగు పందెం పెట్టుకుంటాను.

ఉష


పిడుగురాళ్ల,
మే 17.

ఉషకు,

దీవెనలు తర్వాత. ముందు చీవాట్లు.

ఇంకోసారి ఊదించమని సలహా ఇచ్చావు. ముప్పై ఏళ్లుగా నర్సుగా ఉన్నదానికి ఆ మాత్రం తోచలేదనుకున్నావా? మిషన్ మాచర్ల వైపు క్యాంపులకు పోయింది, జులై దాకా రాదు. గుంటూరు తీసుకుపోతానంటే రసూల్ కదలడు. "కాగితంలో ఉంది కదమ్మా, ఇంక ఆళ్లేం కొత్తగా చెప్తారు. బస్సులో కూసోని అందాకా పోలేను" అంటాడు. నిన్న మంచినీళ్ల బిందె ఎత్తబోయి మధ్యలో దించేసి, అక్కడే కూర్చుండిపోయాడు. ముప్పై కేజీల గంప నెత్తిన పెట్టుకుని రోజుకు డెబ్బైసార్లు మెట్లెక్కిన మనిషి మార్చిలో నా ఎదుట ఊదినప్పుడు ఒక్కసారి కూడా దగ్గలేదు. నేను చూశాను, నువ్వు చూడలేదు.

కావలసిన మనిషి కాబట్టి అలా అనిపిస్తోందని రాశావే, సరే. నీ మీద కోపంతో జాబితా మొత్తం మొదటి నుంచీ ఒక్కో పేరూ వేలు పెట్టి చదివాను. ఇప్పుడు రెండు ప్రశ్నలు వేస్తాను, జాగ్రత్త గల మనుషుల్ని అడిగి జవాబు రాయి.

పదిహేడో పేరు షబీనా. గోనెసంచులు కుట్టే పిల్ల. ఆమె పక్కన ఎనభై నాలుగు అచ్చయింది. ఉషా, షబీనా ఊదనే లేదు. ఆ రోజు రంజాన్ ఉపవాసంలో ఉంది, గొట్టం నోట్లో పెట్టుకోనంది. పొద్దు పోయాక వస్తానంది కానీ మేమే అప్పటికి సర్దుకుని వచ్చేశాం. ఊదని మనిషికి ఊపిరి అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

అన్నిటికంటే చివరి పేరు హబీబ్, లారీ క్లీనరు. వాడు మూడుసార్లు ఊదాడు, మిషన్ పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా. వాడి పక్కన ఏమీ లేదు. తెల్లగా ఉంది.

మీ సాఫ్ట్‌వేర్ అంకెలు పుట్టించదన్నావు. మరి ఒకరికి పుట్టించి ఇంకొకరికి మింగేసింది. దీనికేమంటావు?

జ్ఞానమ్మ


హైదరాబాద్,
మే 21.

పెద్దమ్మా,

మీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదివిన వెంటనే జాబితా అచ్చు వేసే భాగం తెరిచాను.

ఒక్కటే అడుగుతాను. షబీనా కాగితంలో ఊపిరి అంకె రాయాల్సిన చోట మీరేం రాశారు? సున్నా వేశారా, గీత పెట్టారా, ఏమీ రాయలేదా? గుంటూరు వాళ్లు మీరు రాసింది రాసినట్టే ఎక్కిస్తారు కాబట్టి ఇది తెలియాలి. త్వరగా రాయండి.

ఇంకో మాట. ఆ భాగం రాసినవాళ్లు జాగ్రత్త గల మనుషులని పోయిన ఉత్తరంలో గొప్పగా రాశాను. ఆ ప్రోగ్రాం రాసింది నేనే. నన్ను నేనే మెచ్చుకుని మీకు సర్టిఫికెట్ ఇచ్చాను. తప్పంటూ ఉంటే అది నాది కాకూడదని అలా రాశానేమో. క్షమించండి.

ఉష


పిడుగురాళ్ల,
మే 25.

ఉషకు,

ఏమీ రాయలేదు. ఖాళీగా వదిలేశాను.

క్యాంపుకు ముందు మాకు ఒక పూట ట్రైనింగు ఇచ్చారు. ఎవరైనా ఊదకపోతే ఆ గడిలో సున్నా వేయండి, ఖాళీ మాత్రం వదలొద్దు అని రెండుసార్లు చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను. మొన్నటి ఉత్తరంలో ఈ సంగతి దాటేశాను, ఎందుకంటే నా తప్పేమోనన్న భయం.

మా కేంద్రంలో ఒక పాత రిజిస్టరుంది. ఒక క్యాంపుకూ ఇంకో క్యాంపుకూ మధ్య ఎవరైనా చనిపోతే మేము పేరు కొట్టేయం. ఊపిరి గడిలో సున్నా చుడతాం. నా ముందున్న నర్సమ్మ పెట్టిన పద్ధతి అది, నాకూ అలవాటైంది. ఈ చేత్తో పందొమ్మిది మందికి చుట్టాను. ప్రతి ఒక్కరూ గుర్తే. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ల పిల్ల నా ఎదురుగా బల్ల మీద కూర్చుని, కాళ్లూపుతూ, "ఆంటీ, ఇఫ్తార్ అయినంక వస్తా" అని నవ్వుతుంటే, ఆ పేరు పక్కన నేను సున్నా చుట్టాలా? నా వల్ల కాలేదు. గీత పెట్టొచ్చని ఆ క్షణాన తోచలేదు.

ఆ ఖాళీ వల్లే రసూల్‌కి ఈ గతి పట్టిందా? దాచకుండా చెప్పు. ఆ ఇంట్లో పిల్లలు గట్టిగా మాట్లాడటం కూడా మానేశారు. నిన్న హజ్రా బీ వంట చేస్తూ, "ఆయన నా వంట బాగుందని చెప్పి పదిరోజులైందమ్మా" అంది. నా వల్ల ఇదంతా జరిగితే నేను వాళ్ల గుమ్మం ఎక్కలేను.

పెద్దమ్మ


హైదరాబాద్,
మే 31.

పెద్దమ్మకు,

మీ తప్పు కాదు. ముందు ఈ మాట రెండుసార్లు చదువుకుని తర్వాత మిగతాది చదవండి. మీరు సున్నా వేసి ఉంటే మా సాఫ్ట్‌వేర్ షబీనాకు ఊపిరే లేదని అచ్చు వేసేది, అది ఇంకో తప్పయ్యేది. మీరు ఖాళీ వదలడమే నిజం. ఆ నిజాన్ని పారేసింది నేను.

ఏం జరిగిందో చెబుతాను. మీరు మనిషికొక కాగితం రాశారు. మా సాఫ్ట్‌వేర్ దాన్ని అలా ఉంచదు. కాగితాలన్నీ చింపి పేర్లన్నీ ఒక చారలో, వయసులన్నీ ఒక చారలో, ఊపిరి అంకెలన్నీ ఇంకో చారలో పెట్టుకుంటుంది. దీన్ని కాలమ్ పద్ధతి అంటాం. బట్టీ దగ్గర మధ్యాహ్నం అందరి క్యారేజీలూ విప్పి, అన్నం గిన్నెలన్నీ ఒక వరసలో, కూరలన్నీ ఒక వరసలో, పచ్చళ్లన్నీ ఇంకో వరసలో పేర్చినట్టు. ఇవాళ మొత్తం ఎంత కూర వచ్చిందో చూడాలంటే అది చాలా సులువు, మిగతావేవీ ముట్టుకోనక్కర్లేదు. లక్షల మంది సగటు క్షణంలో వస్తుంది. ఎవరి క్యారేజీ వాళ్లకు తిరిగి సర్దాలంటే మాత్రం, ప్రతి వరసలో ఎన్నోది ఎవరిదో లెక్క తప్పకూడదు. మూడో పేరుకు మూడో కూర, నాలుగో పేరుకు నాలుగో కూర.

షబీనా కూర తేలేదు. ఆ చోటు ఖాళీగా ఉంచాలి. ఖాళీ అని గుర్తైనా పెట్టాలి. ఈ పద్ధతి వాడేవాళ్లందరూ అలా పెడతారు, పద్ధతిలో తప్పేమీ లేదు. సగటు కట్టేటప్పుడు ఖాళీ అడ్డం వస్తోందని, పోయిన డిసెంబరులో నేను నాలుగు లైన్లు రాశాను. చారలో ఖాళీ కనిపిస్తే తీసిపారేసి మిగతావి ముందుకు జరపమని. సగటుకు అది సరిపోయింది. జాబితా అచ్చు వేసేటప్పుడు కూడా అదే చార వాడతారని నేను ఆలోచించలేదు.

అందువల్ల పదిహేడు నుంచి అందరి అంకెలూ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. షబీనాకు పద్దెనిమిదో మనిషి ఊపిరి వచ్చింది. చివరి హబీబ్‌కి ఏమీ మిగల్లేదు. నూట తొంభై అయిదు మంది పక్కన ఇంకొకరి ఊపిరి అచ్చయి ఉంది. ఎక్కువమందికి ఎనభై, ఎనభై అయిదు, తొంభై, అన్నీ దగ్గర దగ్గర అంకెలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్క రసూల్ మామ దగ్గరే అది కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఇప్పుడు జాబితా తీయండి. రసూల్ మామ పేరుకు సరిగ్గా పైనున్న పేరు చూడండి. ఆ పేరు పక్కన అచ్చయిన అంకే మామది. నమ్మకం కోసం గుంటూరుకు ఫోన్ చేసి మీరు రాసిన అసలు కాగితం తీయించి చదివించుకోండి. జాబితా వెనక్కి తీసుకోమని ట్రస్టుకు నిన్ననే రాశాం.

ఒక్క పని మిగిలింది, అది అన్నిటికంటే ముఖ్యం. నలభై ఒకటి ఎవరిదో ఒకరిది. రసూల్ మామకు సరిగ్గా కింద ఉన్న పేరుది. ఆ మనిషికి పెద్ద అంకె అచ్చయి ఉంటుంది, ఏ బెంగా లేకుండా తిరుగుతూ ఉంటారు. వాళ్లను వెంటనే డాక్టరుకు చూపించాలి. జాబితా నా దగ్గర లేదు, ఆ పేరు మీరే చూడాలి.

ఉష


పిడుగురాళ్ల,
జూన్ 6.

బంగారు తల్లి ఉషకు పెద్దమ్మ దీవెనలు.

రసూల్‌ది ఎనభై ఎనిమిది.

పై పేరు మోయిన్‌ది, వాడి పక్కన ఎనభై ఎనిమిది అచ్చయింది. గుంటూరుకు ఫోన్ చేస్తే అక్కడి పిల్ల అట్టపెట్టెల్లో వెతికి నా కాగితం తీసి చదివింది. "మేడమ్, ఎయిటీ ఎయిట్, మీ రాతే, కింద గీత కూడా గీశారు" అంది. నేను బాగా ఊదినవాళ్లకు కింద గీత గీస్తాను, ఆ సంగతి నేనే మర్చిపోయాను. ఫోన్ పెట్టేసి చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్లింటికి పోయాను.

రసూల్ మంచం మీద గోడకానుకుని ఉన్నాడు. నీ చారలూ, క్యారేజీలూ చెప్పబోతే వినే ఓపిక అతనికి లేదు. "నీది ఎనభై ఎనిమిదిరా. కంప్యూటర్ పక్కోళ్లది నీకు అంటగట్టింది" అన్నాను. 

"మరి ఆయాసం వస్తా ఉందిగదమ్మా" అన్నాడు.

"అది కాగితం చూసి తెచ్చుకున్న ఆయాసం. లే."

లేవలేదు. హజ్రా బీ పొయ్యి దగ్గర నుంచి వచ్చి, "లెగవయ్యా, అమ్మ చెప్తా ఉంటే ఇనబళ్లేదా. చానా రోజులు కూసున్నావు" అని చెయ్యి పట్టి లాగింది. లేచి గడప దాటాడు. గోడ పట్టుకోలేదు. వీధి చివర మంచినీళ్ల ట్యాంకు దాకా నడిచి, తిరిగొచ్చి, అన్నం పెట్టమన్నాడు. హజ్రా బీ వడ్డిస్తూ వడ్డిస్తూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో చెడ్డ కబుర్లు చెప్పడం అలవాటైపోయింది కానీ, చెప్పిన చెడ్డ కబురు వెనక్కి తీసుకోవడం ఇదే మొదలు.

వెంకట్రామయ్య గారి దగ్గరికి నేనే వెంట వెళ్లాను. ఆయన గుంటూరు నుంచి రాతపూర్వకంగా కావాలన్నాడు. అది నిన్న వచ్చింది. ఇవాళ పొద్దున రసూల్ గంపెత్తాడు. హజ్రా బీ నీకు చెప్పమంది, నువ్వొచ్చినప్పుడు నీకు ఇష్టమైనదేదో చెబితే వండిపెడుతుందట.

కింద పేరు సంగతి చూశాను. ఎవరో ముసలమ్మ. ఆమెకు చెప్పాను, మందులు వాడుకుంటుందిలే. నువ్వు ఆ సంగతి మనసులో పెట్టుకోకు.

పెద్దమ్మ


హైదరాబాద్,
జూన్ 17.

పెద్దమ్మకు,

రసూల్ మామ కబురు చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వాసంతి వచ్చి ఏమైందని అడిగితే ఎనభై ఎనిమిది అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

తర్వాత జరిగింది చెబుతాను. చారలో ఖాళీకి గుర్తు పెడితే ఒక్కరోజులో అయిపోతుంది, చాలు అన్నాడు మా టీమ్ పెద్ద ఫణీంద్ర. అది చేశాను. కానీ నాకు తృప్తి కలగలేదు. సగటులు కట్టడానికి చారలు ఉండనీ. మనిషి పేరుతో అచ్చయ్యే జాబితాకు మాత్రం అసలు కాగితాలు చింపనే వద్దు, మెమరీలో కూడా మనిషి వెనక మనిషిని పెడదాం అన్నాను. ఒకరి పేరు, పక్కనే వాళ్ల వయసు, పక్కనే పని, పక్కనే ఊపిరి. ఆ మనిషివన్నీ అయ్యాకే ఇంకో మనిషి. ఊపిరి గడి ఖాళీ అయినా ఆ గడి అక్కడే ఉంటుంది, ఎవరూ ముందుకు జరగరు. దీన్ని రో పద్ధతి అంటారు, పాతదే. ఫణీంద్ర రెండు రోజులు వాదించి మూడో రోజు ఒప్పుకున్నాడు. రాయడానికి పది రోజులు పట్టింది.

సరిచూసుకోవడానికి ట్రస్టు వాళ్లు మీ క్యాంపు టేబుల్‌నే పంపారు, పేర్లు తీసేసి. పదిహేడో వరసలో ఊపిరి గడి ఖాళీగా, ఖాళీగానే వచ్చింది. సంతోషంగా కిందికి చదువుకుంటూ పోయాను. నూట ముప్పై ఎనిమిదో వరస, మగ, బట్టీ కూలీ, ఎనభై ఎనిమిది. దాని కింద వరస మొత్తం ఒక్కసారే కళ్లబడింది. స్త్రీ. ఏభై ఎనిమిదేళ్లు. నూట నలభై తొమ్మిది సెంటీమీటర్లు. పని, నర్సు. బట్టీల దగ్గర, ఇరవై ఏడేళ్లు. ఊపిరి, నలభై ఒకటి.

ఇన్నాళ్లూ ఆ నలభై ఒకటిని మీ ఉత్తరాల్లో చదివి వందసార్లు తలుచుకున్నాను. చారలో అది అంకె. వరసలో చూసేసరికి మీరు.

ఎవరో ముసలమ్మ అని రాశారు. ఎంత తేలిగ్గా రాశారు. రసూల్ మామకు పరుగెత్తుకెళ్లి చెప్పిన రోజున, చెప్పులు లేకుండా ఆ వీధంతా నడిచిన రోజున మీకు తెలుసు. నేను అన్నిటికంటే ముఖ్యమని రాసిన మాటకు అబద్ధం చెప్పారు. నాకు కోపంగా ఉంది, భయంగా ఉంది. నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ ఆస్పత్రిలో ఉంటే నెల రోజులు అన్నం పెట్టింది మీరు. మీ గురించి నేను మనసులో పెట్టుకోకపోతే ఇంకెవరి గురించి పెట్టుకోవాలి?

ఈ ఉత్తరం అందిన మర్నాడే నేను దిగుతాను. శనివారం గుంటూరులో ఛాతీ డాక్టరు దగ్గర పేరు రాయించాను. తాళం వేసుకుని ఎక్కడికైనా పోతే రసూల్ మామతో వెతికిస్తాను.

ఉష


పిడుగురాళ్ల,
జులై 24.

ఉషకు పెద్దమ్మ దీవెనలు.

నువ్వు వచ్చి, గుంటూరు తీసుకుపోయి, డాక్టరు ముందు నన్ను చిన్నపిల్లలా కూర్చోబెట్టి వెళ్లాక, ఉత్తరం రాయడానికి నాకు మొహం చెల్లలేదు. రెండో పరీక్ష అయ్యాక రాద్దామని ఆగాను. అది నిన్న అయింది.

ఆ రోజు బస్సులో నువ్వు అడిగితే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను కదా, ఇప్పుడు చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన రోజు జాబితాలో రసూల్ కింద నా పేరు చూసుకున్నాను. ముందు నవ్వొచ్చింది. తొంభై రెండు చూసి మురిసిపోయి, అప్పటి నుంచి నాకు ఆయాసమే లేదనుకున్నాను. మెట్ల దగ్గర ఆగితే వయసు అనుకున్నాను, వంటింట్లో ఆగితే పొగ అనుకున్నాను. నలభై ఒకటి చూసి రసూల్ ఆయాసం తెచ్చుకున్నాడు, తొంభై రెండు చూసి నేను ఆయాసం దాచుకున్నాను. వాడిని కాగితం చూసి పడుకున్నావని కసిరాను కానీ నేను చేసింది అదేగా.

నవ్వు అయ్యాక భయం పట్టుకుంది. ఊపిరి లేని నర్సు నలుగురి ఊపిరీ ఏం చూస్తుందని ట్రస్టు వాళ్లు ఇంటికి పంపేస్తారని భయం. దుమ్ము జబ్బని తేలుతుందని అంతకంటే పెద్ద భయం. ఆ జబ్బు పట్టినవాళ్లను నేను చూశాను, దానికి మందు లేదు. తెలియకపోతే ఇంకొన్నాళ్లు తిరగొచ్చనుకున్నాను. ఇదే మాట రోగి ఎవరైనా అంటే చెంప పగలగొట్టేదాన్ని.

డాక్టరు ఆ రోజు నీతో చెప్పింది నిజమేనని తేలింది. దుమ్ము జబ్బు కాదు. ఏళ్ల తరబడి పట్టించుకోని ఉబ్బసం. పీల్చే మందు నెల రోజులు వాడి రమ్మన్నాడు కదా, నిన్న వెళ్లాను. రసూల్ పని మానుకుని నా వెంట వచ్చాడు, నా సంచి వాడే మోశాడు. గొట్టం నోట్లో పెట్టుకున్నాను. పక్కన నిలబడి, "ఊదండమ్మా, ఆపబాకండి, ఇంకా, ఇంకా" అని వాడు కేకలు పెడుతుంటే అక్కడి వాళ్లందరూ తిరిగి చూశారు. డెబ్బై మూడు వచ్చింది. ఇంకా పెరుగుతుందన్నాడు డాక్టరు. రసూల్ ఆ కాగితం లాక్కుని పైన పేరు నాదేనా కాదా అని రెండుసార్లు చదివించుకున్నాడు.

ట్రస్టు వాళ్లు నన్ను పంపలేదు. మందు రోజూ పీలుస్తున్నట్టు సంతకం పెట్టమన్నారు, అంతే.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. నాలుగేళ్లుగా నేను కూర్చునే నిద్రపోతున్నాను. వెనక రెండు దిండ్లు, ఒక దుప్పటి చుట్ట. పడుకుంటే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. అడిగినవాళ్లకు నడుం నొప్పి అని చెప్పేదాన్ని. ఇవాళ మధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను కింద చాప వేసుకుని, ఒక్క క్షణం వాలదామనుకున్నాను. మెలకువ వచ్చేసరికి హజ్రా బీ తలుపు బాదుతోంది. వెనక రసూల్, వాడి వెనక మరో ఇద్దరు. ఎంత పిలిచినా పలకలేదట, కిటికీలోంచి చూస్తే వెల్లకిలా పడి ఉన్నానట.

"ఏందమ్మా, ఏమైంది మీకు" అంది హజ్రా బీ, ఏడుపు గొంతుతో.

"ఏం కాలేదే, నిద్రపోయాను" అన్నాను.

మూడు గంటలు నిద్రపోయాను ఉషా, పడుకుని.

పెద్దమ్మ